రాయికి ఊరు ఉండాలి: రాళ్లు, శిలాజాలు పోగుచేయాలనుకునే వారికి

తాండూరు నాపరాళ్లు పరిచిన ఇంట్లో పెరిగినవాళ్లు ఆ బండల మీద నల్లటి కొమ్మల్లాంటి గుర్తులు చూసే ఉంటారు. కొన్నయితే అచ్చం చెట్టు రెమ్మను రాతిలో అద్దినట్టే ఉంటాయి. ఏడో తరగతిలో ఉన్నప్పుడు అలాంటి ముక్క ఒకటి బడికి తీసుకెళ్లి, కోట్ల ఏళ్ల నాటి ఆకు అని అందరికీ చూపించాను. మా నాన్న తాండూరులో ఒక పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవారు. సాయంత్రం ఆయనకూ చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీద శానం పెట్టి ఒక్క దెబ్బతో పొర విడదీశారు. లోపలి రెండు ముఖాల మీదా అదే బొమ్మ ఉంది. "ఆకైతే నడుమ ఈనె ఉండాలె గద బిడ్డా. ఇది సందులకెళ్లి నీళ్లు దిగిన మరక" అన్నారు.

నాన్న చెప్పింది నిజమే. మాంగనీసు, ఇనుము కలిసిన నీరు రాతి పొరల సందుల్లోకి పాకి, అక్కడ ఆ ఖనిజాలను కొమ్మలు కొమ్మలుగా వదిలేస్తుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. ఆ సున్నపురాయి నీటి అడుగున పేరుకున్న కాలానికి నేల మీద ఆకు అన్నదే లేదు. రాయిని చూసి మురిసిపోవడం వేరు, దాన్ని ప్రశ్న అడగడం వేరు అని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

ఇప్పుడు వికారాబాద్ దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. 19 ఏళ్లుగా ఆదివారాలు రాళ్ల వెంట తిరుగుతున్నాను. "ఎట్ల మొదలుపెట్టాలె మేడం?" అని పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మీ కాళ్ల కింద ఏముంది

మెరిసే రాయి ఆన్‌లైన్‌లో కొనడంతో మొదలుపెట్టకండి. మీ ఊరి రాయి ఏమిటో ముందు తెలుసుకోండి. మీ వీధిలో ఎవరైనా బోరు వేయిస్తుంటే వెళ్లి నిలబడండి. మొదట మట్టి వస్తుంది, తర్వాత మొరం, ఆ తర్వాత బండ తగిలి పొడి ఎగజిమ్ముతుంది. ఆ పొడి గుప్పెడు తీసుకుని రెండు మూడుసార్లు నీళ్లలో కడిగి, తెల్ల కాగితం మీద ఆరబెట్టి భూతద్దంతో చూడండి. హైదరాబాద్‌లో అయితే గాజుపెంకుల్లాంటి పలుగురాయి రేణువులు, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే అభ్రకం పలుకులు కనిపిస్తాయి. అది గ్రానైట్. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పైసా ఖర్చు లేకుండా, ఎండ తగలని లోతు నుంచి వచ్చిన తాజా రాయి మీ చేతిలో ఉంటుంది.

మా ప్రాంతంలో పుట్టినందుకు నేను అదృష్టవంతురాలినే. తాండూరు నుంచి 50 కిలోమీటర్ల లోపే మూడు రకాల నేల ఉంది. ఒక పక్క ఇదే పాత గ్రానైట్. తాండూరు కింద పొరలు పొరలుగా విడివడే సున్నపురాయి, అదే మన నాపరాయి. వికారాబాద్ వైపు ఎక్కితే నల్లరాయి, అంటే బసాల్ట్. 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు అంతరించిన కాలంలో, పశ్చిమ భారతం నుంచి పారి గడ్డకట్టిన లావా అది. ఆ లావా మేట తూర్పు అంచు మా దగ్గర ఉంది. అనంతగిరి గుట్టల మీద కనిపించే ఎర్రటి, తేనెపట్టులా చిల్లులున్న రాయి కూడా ఆ లావాయే, లక్షల ఏళ్లు వానకు నాని నాని అలా మారింది.

ఈ మూడూ ఒకచోట చూడాలంటే కాగ్నా నది ఒడ్డుకు వెళ్లాలి. అనంతగిరి గుట్టల్లో పుట్టి తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమాలో కలిసే నది అది. నీళ్లు తగ్గాక గులకరాళ్లు 20 ఏరి, ఒకదానికొకటి పోలిక ఉన్నవి పక్కపక్కన పేర్చండి. ఇంకా పేర్లు అక్కర్లేదు. బరువు, రంగు, గరుకుదనం, పగిలిన తీరు చూసి మీకు తోచినట్టు కుప్పలు చేయండి. మా ఎనిమిదో తరగతి పిల్లలు పుస్తకం తెరవకుండానే నాలుగైదు కుప్పలు సరిగ్గా చేస్తారు.

మీది వేరే జిల్లా అయితే మీ నేల కథ వేరు. విశాఖ కొండల ఖోండలైట్ రాతిలో ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకానికి పేరుపొందింది. కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల సున్నపురాళ్లలో స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. కంటికి కనిపించని జీవులు పొర మీద పొర కట్టిన దిబ్బలవి, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు ఉంటాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ నడిపే భూకోశ్ పోర్టల్‌లో మీ మండలం కింద ఏ రాయి ఉందో మ్యాపు ఉచితంగా చూడొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ల రాక్ వాక్‌లు ఉన్నాయి. 1996 నుంచి నగరంలోని బండలను కాపాడాలని పనిచేస్తున్నవాళ్లు. అక్కడ ఏరుకోవడం ఉండదు. చూడటం నేర్చుకోవడానికి మాత్రం అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

సంచిలో ఏముండాలి

సుత్తి, కళ్లద్దాలు, భూతద్దం, పాత న్యూస్‌పేపర్లు, మార్కర్, చిన్న నోటుపుస్తకం, నీళ్లు. ఇంతే. మొదటి ఏడాది సుత్తి కూడా అక్కర్లేదు.

భూతద్దం మాత్రం మంచిది కొనండి. కంసాలులు వాడే 10 రెట్లు పెద్దదిగా చూపేది సరిపోతుంది. దాన్ని కంటికి ఆనించి పెట్టుకుని, రాయినే దగ్గరకు తెచ్చుకోవాలి. చాలామంది అద్దాన్ని రాయి దగ్గర పెట్టి దూరం నుంచి చూసి ఏమీ కనపడలేదంటారు.

సుత్తి వాడేటప్పుడు కళ్లద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా వేయకండి. వెల్డింగ్ సామాను షాపులో దొరికే తెల్ల అద్దాలు చాలు. పలుగురాయి పెంకు గాజుకంటే గట్టిది. ఒక సుత్తి మీద ఇంకో సుత్తితో కొట్టకూడదు, ఉక్కు చిట్లి ఎగురుతుంది. రాతి పొడి పీల్చకండి. ముఖ్యంగా పలుగురాయి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది వస్తే పోయేది కాదు. ఇంట్లో రాయి అరగదీయాలనుకుంటే నీళ్లు పోస్తూ తడిగానే చేయాలి.

ఎప్పుడు, ఎలా వెతకాలి

తాండూరు కందికి పేరు తెచ్చిన నల్లరేగడి నేలలున్నాయే, అవన్నీ ఆ లావా, సున్నపురాయి అరిగి అయినవే. కంది కోసిన తర్వాత నుంచి జూన్‌లో విత్తనం వేసే దాకా ఆ చేలు ఖాళీగా ఉంటాయి. అదే మన సీజన్. దుక్కి దున్నాక ఒక వాన పడితే ఇంకా మంచిది. వాన మట్టిని కడిగేస్తుంది, రాయి బయటపడి మెరుస్తుంది. కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం బారులు తీరేది ఇందుకే. ఆ ఆశతో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. వజ్రం కోసం వెతికే కన్నుకు వజ్రం కానివేవీ కనపడవు.

పొద్దున ఎండ వాలుగా ఉన్నప్పుడు, ఎండకు ఎదురుగా నడవండి. వెలుగు లోపలి నుంచి వచ్చినట్టు తేనెరంగులో వెలిగే రాయి కనిపిస్తే అది అగేట్ కావచ్చు. ఉంగరాల్లో హకీక్ అని పెట్టుకునేది అదే. లావా గడ్డకట్టేటప్పుడు లోపల గాలిబుడగలు మిగిలిపోయాయి. తర్వాత నీళ్లు ఆ గుల్లల్లోకి దిగి, పొర మీద పొర సిలికా పూసి నింపాయి. అందుకే అగేట్‌లో చారలుంటాయి. పైన గరుకుగా, బంగాళాదుంపలా ఉండి బరువు తక్కువ అనిపిస్తే, లోపల ఖాళీ ఉండి స్ఫటికాలు ఉండొచ్చు. తాజాగా తవ్విన బావి రాళ్లలో అయితే తెల్లటి సూదులు గుత్తిగా, ఒకే చోటు నుంచి విసనకర్రలా విచ్చుకున్నట్టు కనిపిస్తాయి. అవి జియోలైట్లు. వేలితో తాకితేనే విరిగిపోతాయి, కడగకండి, దూదిలో పెట్టండి.

చేను మధ్యలో తిరగడం కన్నా గట్ల మీద కుప్పలు చూడటం మేలు. నాగలికి అడ్డం వచ్చిన రాళ్లన్నీ రైతు తరతరాలుగా అక్కడ పోస్తూ వచ్చాడు. మనకు ఆ పని ఆయనే చేసిపెట్టాడన్నమాట.

అడగకుండా చేలోకి అడుగుపెట్టకండి. "అన్నా, రాళ్లు చూసుకుంట, మంచిగున్నయి రెండు తీస్కపోత" అని అడిగితే, "రెండెందుకమ్మా, అన్నీ తీస్కపో" అన్నవాళ్లే నాకు ఎక్కువ ఎదురయ్యారు. కానీ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. మన ఊళ్లలో సుత్తి, సంచి పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే మొదట వచ్చే అనుమానం గుప్త నిధులు. ఒకసారి నన్నూ, మా చెల్లెలి కొడుకునూ ఒక ఊరి చివర పది మంది చుట్టుముట్టి గంటసేపు కదలనివ్వలేదు. నా బడి గుర్తింపు కార్డు చూపించి, సంచి మొత్తం కింద పోసి, ఒక్కో రాయి ఏమిటో చెప్పాక వదిలారు. వాళ్ల తప్పేమీ లేదు, అంతకు ముందే ఆ ఊరి గుడి దగ్గర ఎవరో రాత్రిపూట తవ్వారట. అప్పటి నుంచి ముందు ఊళ్లోకి వెళ్లి, హోటల్ దగ్గర టీ తాగి, వచ్చిన పని నలుగురికీ చెప్పి గానీ చేలోకి వెళ్లను. పాత గుళ్లు, దిబ్బలు, రాతి సమాధుల దగ్గర సుత్తి బయటికి తీయను. పొద్దుగూకాక అసలు ఉండను.

రాయిని తిరగేసేటప్పుడు మీకు అవతలి అంచు పట్టుకుని మీ వైపు లేపండి. కింద తేలో పామో ఉంటే రాయి మీకు అడ్డుగా ఉంటుంది, అది అవతలికి పోతుంది. క్వారీ గోడ కింద నిలబడకండి, పేలుళ్లకు వదులైన రాయి ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు. నీళ్లు నిలిచిన పాత గుంతల్లో దిగొద్దు, మొదటి అడుగే నిలువు లోతు ఉంటుంది. రైలు కట్టింగుల్లో రాయి ఎంత బాగా కనిపించినా పట్టాల మీదికి వెళ్లొద్దు. తొలకరిలో మబ్బు కమ్మితే పిడుగు భయం ఉంటుంది, ఆ రోజుకు రాళ్లు వదిలేసి ఇంటికి రండి.

ఇంటికి తెచ్చాక

ముందు కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడే తెల్ల రాళ్ల సంగతి. పలుగురాయి, కాల్సైట్ చూడటానికి ఒకేలా ఉంటాయి. పాత సీసా ముక్క మీద గట్టిగా గీయండి. పలుగురాయి గాజును గీస్తుంది. కాల్సైట్ గీయలేదు, పైగా చాకు మొనతో దాన్నే గీయొచ్చు. కాల్సైట్ పగిలితే ఏటవాలు పెట్టెల్లాంటి ముక్కలవుతుంది, పలుగురాయి గాజు పగిలినట్టు వంపులుగా పగులుతుంది. గీసిన పొడి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి భూతద్దంతో చూడండి, కాల్సైట్ అయితే సన్నగా బుడగలొస్తాయి. బాత్రూం కడిగే యాసిడ్‌తో ఈ పరీక్ష చేయొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

గట్టిదనం చూడటానికి మోహ్స్ కొలత అని 1 నుంచి 10 దాకా ఉంటుంది. వేలి గోరు 2.5 దగ్గర, గాజు 5.5 దగ్గర, పలుగురాయి 7. బలపపు రాయి 1, అందుకే పలక మీద రాసుకున్నాం. టైల్ వెనుక, పాలిష్ లేని వైపు రాయిని రాస్తే పడే గీత రంగు కూడా చాలా చెబుతుంది. నల్లగా మెరిసే రాయి ఎర్రటి గీత వేస్తే హెమటైట్, నల్లటి గీత వేస్తే మాగ్నెటైట్ కావచ్చు. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి రాయి దగ్గర వేలాడదీయండి. బసాల్ట్ దాన్ని కొంచెం లాగుతుంది, నాపరాయి లాగదు.

"ఉల్క దొరికింది మేడం" అని ఏడాదికి ఒక్కరైనా వస్తారు. నల్లగా, బరువుగా ఉంటుంది, అయస్కాంతం అంటుకుంటుంది. ఇప్పటిదాకా నా దగ్గరికి వచ్చినవన్నీ ఇనుప చిట్టేలే. తెలంగాణలో వందల ఏళ్లు ఊరూరా ఇనుము కరిగించారు, ఆ కొలిమి దగ్గర మిగిలిన వ్యర్థం అది. విరిచి చూస్తే లోపల గాలిబుడగలుంటాయి. ఉల్కల్లో అలాంటి బుడగలు దాదాపుగా కనపడవు. చిట్టెం అని తేలినా నిరాశ పడక్కర్లేదు. మీ ఊళ్లో ఒకప్పుడు కొలిమి ఉండేదని ఆ ముక్క చెబుతోంది. తెచ్చిన చోట దాన్ని తిరిగి పెట్టి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి.

నత్తగుల్ల నాకు నేర్పింది

లావా ఒక్కసారే పారలేదు. ఒక పొర పారాక వేల ఏళ్లు ఆగేది. ఆ విరామంలో దాని మీద చెరువులు ఏర్పడేవి, నత్తలు, చేపలు, కప్పలు, మొక్కలు పెరిగేవి. మళ్లీ లావా వచ్చి అన్నింటినీ కప్పేసేది. రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న ఆ చెరువు మట్టి కొన్నిచోట్ల చెకుముకిరాయిలా గట్టిపడింది, దాన్ని చెర్ట్ అంటారు. అందులో నత్తగుల్లలు ఉంటాయి.

2009లో మర్పల్లి వైపు ఒక గట్టు మీద నాకు అలాంటిది దొరికింది. బూడిదరంగు రాయిలో చిటికెనవేలు గోరంత గుల్ల. అప్పట్లో నేను దొరికినవన్నీ ఒక సిమెంట్ సంచిలో వేసేదాన్ని. ఏడాది తర్వాత ఒక జియాలజీ అధ్యాపకుడికి చూపించే అవకాశం వచ్చింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, మొన పైకి వచ్చేలా పట్టుకుని, "చూడండి, దీని నోరు ఎడమ వైపు ఉంది. ఎక్కువ నత్తలకు కుడివైపు ఉంటుంది. ఇది ఫైసా అనే నత్త అయ్యుండాలి" అన్నారు. నాకు సంతోషం పట్టలేదు. ఆ వెంటనే అడిగారు: "ఏ ఊరు? ఏ గట్టు? దీని పైన నల్లరాయి ఉందా, కింద ఉందా?" నా దగ్గర జవాబు లేదు. మర్పల్లి రోడ్డు అన్నాను. "అయితే దీంతో నేను చేయగలిగింది ఏమీ లేదమ్మా" అని మెల్లగా నా చేతిలో పెట్టేశారు.

నాలుగు ఆదివారాలు ఆ రోడ్డు పొడవునా తిరిగాను. ఆ గట్టు దొరకలేదు. సంచిలో మిగిలిన 80 రాళ్లకూ ఊరు లేదు. వాటిని మా బడి తోట చుట్టూ అంచుగా పాతాను.

అందుకే ఈ ఒక్క పని మాత్రం మొదటి రోజు నుంచే చేయండి. రాయి చేతిలోకి తీసుకునే ముందు, అది ఉన్నచోటే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఒక్కో రాయిని విడిగా న్యూస్‌పేపర్‌లో చుట్టి, లోపల చీటీ పెట్టండి. ఇంటికి వచ్చాక రాయికి కనపడని మూల వైట్‌నర్ చుక్క పెట్టి, ఆరాక పెన్నుతో నంబరు రాసి, పైన రంగు లేని గోళ్ల పాలిష్ పూయండి. ఆ నంబరు కింద రిజిస్టర్‌లో వివరం రాయండి. పేరు తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి, పేరు పదేళ్ల తర్వాతైనా తెలుసుకోవచ్చు. ఊరు, చోటు మాత్రం ఆ రోజు రాయకపోతే ఇక ఎప్పటికీ తెలియదు. భద్రపరచడానికి మిఠాయి డబ్బాలు, గుడ్ల అట్టలు చాలు.

నా రిజిస్టర్‌లో ఒక నమోదు ఇలా ఉంటుంది: "214. చెర్ట్‌లో నత్తగుల్ల, ఫైసా? 18-1-2015. బంట్వారం దారి, తూర్పు గట్టు, కుప్పలో విడిగా. రైతు మాట: రెండేళ్ల కిందట బావి పూడిక తీసినప్పుడు నాలుగు గజాల లోతున వచ్చింది, పైనా కిందా నల్లరాయే." ఆ చివరి వాక్యం రైతు చెప్పకపోతే ఆ రాయి విలువ సగమే. ఎదురైన రైతునీ, బావి తవ్వేవాళ్లనీ, క్రషర్ డ్రైవర్‌నీ అడిగి వాళ్ల మాటనే రాసుకోండి.

ఊరికి శాస్త్రం ఎంత విలువ ఇస్తుందో చూడాలంటే హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లండి. అక్కడ నిలబెట్టిన డైనోసార్ పూర్తి పేరు కోటసారస్ యమన్‌పల్లియెన్సిస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యమన్‌పల్లి దగ్గర, కనీసం 12 జంతువుల ఎముకలు దొరికాయి. 1988లో దానికి పేరు పెట్టినప్పుడు ఆ ఊరి పేరే పెట్టారు. అదే ఏడాది మా వికారాబాద్ వైపు నస్కల్‌లో, రెండు లావా పొరల మధ్య మట్టిలో దొరికిన పళ్లను బట్టి డెక్కనోలెస్టిస్ అనే చిన్న జంతువును ప్రకటించారు. డైనోసార్ల చివరి కాలంలో ఇక్కడ బతికిన పాలిచ్చే జంతువు అది, ఆ కాలపు క్షీరదం మన దేశంలో అదే మొదటిసారి దొరకడం. ఆ పళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటాయి. బస్తాల కొద్దీ మట్టిని సన్నటి జల్లెడల్లో కడిగి, మిగిలిన ఇసుకను మైక్రోస్కోప్ కింద ఏరితే దొరికినవి. బస్సులో ఆ దారిన పోయిన ప్రతిసారీ పిల్లలకు చెబుతాను.

కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గార్నెట్ల సంగతీ అంతే. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాత గార్నెట్ రాళ్లు ఎక్కడివా అని పరిశోధకులు చూసి, రాయి లోపల చిక్కుకున్న సూక్ష్మ ఖనిజాలను పోల్చి, గరీబ్‌పేటవని 2017లో చెప్పారు. గరీబ్‌పేటలో ఏరిన రాయి మీద గరీబ్‌పేట అని ఎవరో రాసి పెట్టారు కాబట్టే పోల్చడం కుదిరింది.

తీయకూడనివి

అనంతగిరి రిజర్వు ఫారెస్టు. అందులో రాయి కదిలించకూడదు. అభయారణ్యాలూ అంతే. తిరుమల శిలాతోరణం, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, మంగంపేట ముగ్గురాయి, ఇలా జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించినవి ఉన్నాయి. అక్కడ ఫొటోలతో ఆగాలి. బొర్రా, బెలుం గుహల్లో వేలాడే ఒక్క మొన విరిచినా వేల ఏళ్ల పని పోతుంది.

చేతికి సరిపడేలా రెండు వైపులా చెక్కిన రాయి కనిపిస్తే అది ఆదిమానవుడి పనిముట్టు కావచ్చు. అది రాయి కింద లెక్క కాదు, పురావస్తువు. ఫొటో, లొకేషన్ తీసుకుని అక్కడే ఉంచి పురావస్తు శాఖకు చెప్పండి. ఎముక శిలాజమైనా అంతే. పీకితే ముక్కలవుతుంది, దాని చుట్టూ ఉన్న మట్టిలోని సాక్ష్యం పోతుంది. భూగర్భ సర్వేక్షణ సంస్థకు బండ్లగూడలో పెద్ద కార్యాలయం ఉంది, ఉస్మానియాలో జియాలజీ విభాగం ఉంది. మెయిల్‌లో ఫొటోలు పంపండి. గట్టు మీద కుప్పలో విడిగా పడి ఉన్న నత్తగుల్ల తెచ్చుకోవచ్చు. పొరలో ఇంకా బిగిసి ఉన్నది శాస్త్రజ్ఞులది అని నా నియమం. అమ్మడానికి మాత్రం ఒక్క రాయి కూడా తీయకండి. ఖనిజాలకు చట్టం ఉంది, లీజులున్నాయి. అంతకన్నా ముఖ్యం, ధర కట్టిన రోజు నుంచి ఎక్కడ దొరికిందో దాచే అలవాటు వస్తుంది.

పులివెందుల వైపు వెళ్తే తెల్లగా, పట్టుదారాల్లా విడిపోయే రాయి కనిపించొచ్చు. అది రాతినార, ఆస్బెస్టాస్. ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు, దాని నార పీల్చితే ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

ఒక్క ప్రయాణం చేయగలిగితే

ఏడాది గడిచాక, కన్ను కాస్త కుదిరాక, రాజమహేంద్రవరం వెళ్లండి. గోదావరి దాటి కొవ్వూరు మీదుగా దేవరపల్లి దారిలో పంగిడి క్వారీలున్నాయి. యాజమాన్యం అనుమతి తీసుకుని, వాళ్ల మనిషి వెంట ఉండగా, పని ఆగిన రోజున చూడాలి. కిందా నల్లరాయి, పైనా నల్లరాయి, మధ్యలో లేత రంగు సున్నపు పొర. ఆ పొర నిండా సముద్రపు గుల్లలు. ఆల్చిప్పలు, మర మేకులా మెలితిరిగిన టరిటెల్లా గుల్లలు. మా వికారాబాద్‌లో ఆ విరామంలో మంచినీటి చెరువు ఉంటే, ఇక్కడ అదే లావాల మధ్య సముద్రం ఉంది. ఆ నల్లరాయి పడమటి నుంచి నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రజ్ఞుల అంచనా. నా చెరువు నత్త ఉన్న ముక్కను జేబులో పెట్టుకుని వెళ్లి ఆ గోడ ముందు నిలబడ్డాను. దాన్ని తీసి ఆ గుల్లల పక్కన పట్టుకుని చాలాసేపు చూశాను. క్వారీ వాళ్లు పక్కన పోసిన కుప్ప నుంచి ఒకే ఒక్క ఆల్చిప్ప తెచ్చుకున్నాను.

చివరగా, మీ ఇంట్లో ఇప్పటికే ఊరు లేని రాళ్లుంటే, తెచ్చినవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. రిజిస్టర్ మొదలుపెట్టినప్పుడు ఏడో తరగతి నాటి ఆ డెండ్రైట్ ముక్క బయటికి తీశాను. రెండు పొరలూ అలాగే ఉన్నాయి. ఎక్కడిదని నాన్నను అడిగాను. అప్పటికి ఆయన యూనిట్ మానేసి పదేళ్లయింది, చూపు కూడా తగ్గింది. బొమ్మ వైపు చూడలేదు. పక్కకు తిప్పి, అంచు మీద బొటనవేలు పెట్టి మందం చూశారు. ఉమ్మి తడిపి రంగు చూశారు. గోరుతో కొట్టి మోత విన్నారు. తర్వాత గని పేరు, అందులో ఎన్నో వరుస బండో చెప్పారు.

నంబరు 1 ఎదురుగా అది ఆయన మాటగానే రాసుకున్నాను.